వస్తాద్ శాంతమూర్తి కాదు

కొంతం చౌక్‌లో ఫ్లెక్స్ కట్టారు. నిలువెత్తు బొమ్మ, మెడలో దండ, భుజం మీద వెండి గద. కింద తెలుగులోనూ మరాఠీలోనూ పెద్ద అక్షరాలు: శాంతమూర్తి, మృదుభాషి, ఎవరి మనసూ నొప్పించని మనిషి. ఆటో దిగి ఆ మాటలు మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదివాను. చదివి నేరుగా తాలీంకు వెళ్లాను. తాలీం అంటే మా సోలాపూర్‌లో కుస్తీలు నేర్పే చోటు. అక్కడి కుర్రవాళ్లు అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు.

“ఆ బోర్డు దింపుండ్రి. అంతా అబద్ధం రాసిండ్రు,” అన్నాను.

“ఏంది మామా, చచ్చినోని మీద గూడ కంప్లేంటేనా?” అన్నాడొకడు. మిగతావాళ్లు చాయ్ ఒలికేలా నవ్వారు.

ఆ నవ్వు కూడా గుర్తు పెట్టుకున్నాను. వాళ్లు బోర్డు దింపరు కాబట్టి ఇది రాస్తున్నాను. ఆ మనిషి శాంతమూర్తి కాదు. మృదుభాషి అసలే కాదు. నోరు తెరిచేలోపే అతని చెయ్యి లేచేది. మనసు సంగతి పక్కన పెట్టండి, అతను నొప్పించని ఒళ్లు మా జోడ్‌భావి పేట్ అంతా వెతికినా దొరకదు.

అతని పేరు రాయను. నాకు అమ్మానాన్న పెట్టిన పేరొకటి ఉంది. బతికున్నన్నాళ్లూ అతను ఆ పేరుతో నన్ను పిలవలేదు. నేను కార్పొరేషన్‌కు అర్జీలు పెడతానని, “ఓ అర్జీ!” అనేవాడు, సందు ఆ చివరి నుంచి ఈ చివరికి వినపడేలా. విని విని పిల్లలూ అదే పిలుపు నేర్చుకున్నారు. అందుకని నేనూ అతని పేరు ఇక్కడ పెట్టను. ఊరంతా పిలిచినట్టు వస్తాద్ అంటాను. కుస్తీ నేర్పేవాణ్ని అలా అంటారు.

ఒకప్పుడు జిల్లాలో అతని వీపు మట్టికి ఆనించినవాడు లేడట. నాకు పరిచయమయ్యే నాటికి పోటీలు మానేసి నేర్పుతున్నాడు. చెవులు రెండూ నలిగి పిండి ముద్దల్లా గడ్డకట్టాయి. మెడ ఉందో లేదో తెలిసేది కాదు. తలను నేరుగా భుజాల మీద పెట్టినట్టుండేది. సెల్‌ఫోన్ మీద వేలు పెడితే ఒక అంకె నొక్కబోయి పక్క అంకె కూడా నొక్కేవాడు, కోపమొచ్చి ఫోన్‌ను గోడకేసి కొట్టేవాడు. తాలీం గోడ మీద ఆ గుంటలు ఇంకా ఉన్నాయి. కడక్ భాకరి అని, మేం జొన్నరొట్టెను అప్పడంలా కరకరలాడేలా ఎండబెట్టి దాచుకుంటాం. దాన్ని అందరూ వేళ్లతో తుంచుకుంటారు. అతను పళ్లెంలో పెట్టి పిడికిలితో గుద్దేవాడు. ముక్కలు ఎగిరి పక్కవాళ్ల ఒళ్లో పడేవి. అక్కడి నుంచే ఏరుకుని, పల్లీల చట్నీ అద్దుకుని తినేవాడు. ఒళ్లు మనదైనా అడగడం ఉండేది కాదు.

పలకరింపు కూడా దెబ్బే. ఎదురుపడితే మెడ వెనక అరచెయ్యి పడేది. “ఏం రా, తిన్నవా?” తినకపోయినా తిన్నానని చెప్పాలి, లేకపోతే ఇంకోటి పడుతుంది. శిష్యులకు పట్టు నేర్పేటప్పుడు ముక్క కూడా వివరించేవాడు కాదు. ఎత్తి పడేసేవాడు. “చెప్పింది చెవిల ఉంటది, పడ్డది నడుముల ఉంటది” అనేది అతని మాట. నడుముల్లో ఉంచుకుని ఇప్పటికీ వంగలేని వాళ్లు నాకు తెలుసు.

అతని తల్లి బీడీలు చుట్టేది. ఆమె, మా చెల్లె సుశీల ఇద్దరూ ఒకే అరుగు మీద, చాటలు ఒళ్లో పెట్టుకుని, ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చుని చుట్టారు. ఒకసారి కార్ఖానాలో సరుకు చూసేవాడు ముసలామె బీడీలు వదులుగా ఉన్నాయని సగం తీసి పారేశాడు. ఆమె ఏడుస్తూ ఇంటికొచ్చింది. వస్తాద్ వెళ్లి, పారేసిన బీడీలన్నీ ఏరి, వాడి నోట్లో పట్టినన్ని కుక్కి, అగ్గిపుల్ల గీశాడు. అక్కడున్నవాళ్లంతా మీదపడి చేతులు పట్టుకుంటే ఆగాడు. వాడి మీసం మాత్రం దక్కలేదు. ఈ సంగతి చెప్పుకుని మా సందు ఆడవాళ్లు ఇవాళ్టికీ నవ్వుతారు. కాలిన మూతి నవ్వులాట ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఇక నా సంగతి. తాలీం స్నానాల నీళ్లు మట్టితో కలిసి మా గడప ముందు నిలిచేవి. నేను అర్జీ పెట్టాను. తర్వాత మరొకటి పెట్టాను. చివరికి కార్పొరేషన్ నుంచి ఒక సాహెబు మోరీ చూడటానికి వచ్చాడు. నేను మోరీ పక్కన నిలబడి నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చూపిస్తున్నాను. వస్తాద్ లంగోటాతోనే బయటికొచ్చాడు. ఎడమ చెంప మీద కొట్టాడు. నేను మోరీలో పడ్డాను. రెక్క పట్టి పైకి లేపి, నా అంగీకి వీపంతా అంటిన బురద ఆ సాహెబుకు చూపించి, “చూస్తివా సాహెబ్, మోరీ సాఫ్ అయింది,” అన్నాడు. సాహెబు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఎడమ చెవిలో వర్షాకాలం ఇప్పటికీ హోరు వస్తుంది. అతను మాఫీ అడగలేదు.

ఇలాంటి మనిషి మా చెల్లె రోగం సంగతిలోకి వచ్చాడు.

సుశీలకు పొట్ట ఉబ్బుతూ వచ్చింది. మొదట గ్యాస్ అన్నారు. తర్వాత నీరన్నారు. సూది పెట్టి తీస్తే నీరు రాలేదు, చిక్కటి జిగురు వచ్చింది. హైదరాబాద్ తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు తెలుగులోనే, తొందర లేకుండా చెప్పాడు. పేగు చివర చిన్న తోక లాంటి భాగంలో కేన్సర్ పుట్టింది, అది పగిలి కడుపులో అంతటా గింజలు చల్లినట్టు పడింది. మామూలు మందులు దానికి సరిగ్గా చేరవు. కడుపు తెరిచి కంటికి కనిపించినవన్నీ ఏరి తీసేస్తారు. కనిపించని వాటి కోసం, కుట్లు వేసే ముందు, వేడి చేసిన మందును కడుపులో నింపి కొంతసేపు తిప్పుతారు. తర్వాత తోడేసి కుడతారు. “ఇది అందరికీ పనికొచ్చే వైద్యం కాదు. ఈమెకు పనికొస్తుందని నా నమ్మకం. ఆలస్యం చేస్తే ఆ మాట కూడా చెప్పలేను,” అన్నాడు.

ఈ వైద్యం పేరు సోలాపూర్‌లో మాకు తెలిసిన ఏ డాక్టరూ వినలేదు. సర్కారు సాయం కోసం అడిగితే వాళ్ల కాగితాల్లో ఆ వైద్యమే లేదన్నారు. నేను అర్జీలు పెట్టాను. జవాబు వచ్చేదాకా ఆగే రోగం కాదది.

ఒకరోజు పొద్దున చెల్లె ఇంటి తలుపు కాలితో తన్నుకుని వస్తాద్ లోపలికొచ్చాడు. గడియ ఊడి కింద పడింది. ఆ తలుపు నేను బిగించిందే.

“కాయ్ గ బాయీ, ఏమైంది? ఏదో కడుపుల అంటున్నరు.”

సుశీల మంచం మీద నుంచి చెప్పింది. అతను నిలబడే విన్నాడు.

“మా అమ్మకు గూడ కడుపులనే,” అన్నాడు. “అప్పుడు ఎవడన్న గిట్ల ఒక మందు ఉన్నదని చెప్పలే. చెప్పకపాయె లంగలు.” నా వైపు తిరిగాడు. “ఓ అర్జీ! నీ అర్జీలు ఇగ చాలు. ఇది నేను చూస్త.”

ఆ రోజు నుంచి సాంచల షెడ్లు, రంగు కార్ఖానాలు, బీడీ కార్ఖానాల గుమ్మాలు తిరిగాడు. మరమగ్గాలను మేం సాంచలంటాం. షెడ్డులో అవి నడుస్తుంటే పక్కనున్నవాడి మాట వినపడదు. అతను మెయిన్ స్విచ్ దించేసేవాడు. ఒక్కసారిగా అన్నీ ఆగిపోయి, అందరూ తిరిగి చూస్తే, గుమ్మంలో అతను. “సుశీల బాయికి కేన్సర్. దానికొక కొత్త ఇలాజ్ ఉన్నది. ఇయ్యుండ్రి.” మాలికులు తిట్టుకుంటూనే ఇచ్చారు. ఇవ్వని ఒకడి షెడ్డు స్విచ్ సాయంత్రం దాకా పైకి లేవలేదు; దాని కింద స్టూలు వేసుకుని కూర్చున్నాడు వస్తాద్. చందా అంటే అడుక్కోవడం. అతను చేసింది అది కాదు.

చిక్కు రంగు కార్ఖానాలో వచ్చింది. అక్కడి వాళ్లకు అతను ఆ వైద్యం ఇలా చెప్పాడట: “కడుపు కోసి, లోపల వేడి వేడి మందు పోసి, గిర్రున తిప్పుతరు. రోగం చస్తది.”

ఈ మాట ఇంకెక్కడైనా చెప్పి ఉంటే ఏమీ అయ్యేది కాదు. మా వాళ్లకు వేడి అంటే రంగు తొట్టి. నూలు లడీలు మరిగే నీళ్లలో ముంచి తిప్పడం వాళ్ల పని. తిప్పడం అన్నా, పోయడం అన్నా వాళ్ల కళ్ల ముందు కనపడేది ఆ తొట్టే. అందులో చాలా ఏళ్ల కింద ఒక మనిషి జారి పడ్డాడు. వాణ్ని బయటికి లాగింది మా బావ, అంటే సుశీల భర్త. బావ అరచేతుల మీద చర్మం ఇప్పటికీ ముడతలు పడిన కాగితంలా ఉంటుంది. పడినవాడు బతకలేదు.

సాయంత్రానికి పేటంతా ఒకటే మాట: సుశీల బాయిని లోపలి నుంచి ఉడకబెడతారట. ఇస్తామన్నవాళ్లు వెనక్కి తగ్గారు. పాపానికి పైసలివ్వం అన్నారు. సుశీలకు కూడా భయం పట్టుకుంది. రాత్రంతా పొట్ట మీద చెయ్యి తీయలేదు. ఆపరేషన్ కాగితం మీద బావ సంతకం కావాలి. బావ పెట్టనన్నాడు. డాక్టరు చెప్పినప్పుడు నువ్వూ పక్కనే ఉన్నావు కదా అన్నాను. “డాక్టరు చల్ల గదిల కూసొని చెప్పిండు. వేడి ఏందో ఆయనకేం తెలుసు,” అన్నాడు.

వస్తాద్ వచ్చి బావ కాలర్ పట్టుకుని ఒకటి ఇచ్చాడు. బావ పెదవి పగిలింది. రెండోదానికి చెయ్యి ఎత్తాడు. బావ తప్పించుకోలేదు. రెండు అరచేతులూ విప్పి అతని మొహం ముందు పెట్టాడు.

“కొట్టు వస్తాద్. గీ చేతుల్తోనే వాన్ని పైకి గుంజిన. బనీన్ గుంజితే బనీన్‌తోని తోలు ఊడొచ్చింది. వాడు ఇంటికాడ ఎట్ల మొత్తుకున్నడో నేను విన్న. నా పెండ్లాన్ని గట్ల చూడ. చస్తే నా ఇంట్ల సల్లగ చావని.”

ఎత్తిన చెయ్యి వస్తాద్ దించడం నేను చూసింది అప్పుడే. అతను నా వైపు చూశాడు. “ఓ అర్జీ, ఆ డాక్టరుకు ఫోన్ కొట్టు. ఎంత వేడో అడుగు.”

అడిగాను. జ్వరం బాగా వచ్చినప్పుడు ఒళ్లు ఎంత కాలుతుందో దాదాపు అంతే, దాన్ని యంత్రం ఆ వేడి దగ్గరే నిలుపుతుంది అని డాక్టరు చెప్పాడు. అంకె కూడా చెప్పాడు. వస్తాద్ నమ్మాడు. బావ నమ్మలేదు.

మర్నాడు పొద్దున రంగు కార్ఖానాలో అన్ని తొట్లూ మరుగుతున్నాయి. ఒక్క ఎర్ర రంగు తొట్టి పని అయిపోయి చల్లారుతోంది. వస్తాద్ అంగీ విప్పి అవతల పారేశాడు.

“తర్మామీటర్ నువ్వే పట్టుకో బావా,” అన్నాడు మా బావతో. తనకు వరస లేకపోయినా నన్ను చూసి అలాగే పిలిచేవాడు. “డాక్టరు చెప్పిన కాడికి దిగినంక చెప్పు.”

“వస్తాద్, రంగు పడతది,” అన్నాడు పక్కనున్న పనివాడు.

“పడనీ.”

బావ తొట్టిలో థర్మామీటర్ ముంచి చూశాడు. కాసేపటికి మళ్లీ చూశాడు. తల ఊపాడు. వస్తాద్ గట్టు ఎక్కి అందులో దిగి, గొంతు దాకా మునిగి కూర్చున్నాడు. కార్ఖానా పనివాళ్లంతా చుట్టూ చేరారు. ఎవరో వెనక నుంచి, “బాగ పిండితే చద్దర్ అయితడు,” అన్నాడు. వస్తాద్ దోసిట్లో రంగు తీసుకుని గురి చూసి వాడి మొహాన కొట్టాడు. వాడు కళ్లు పట్టుకుని పరిగెత్తాడు.

“కాలుతున్నదా?” అన్నాడు బావ.

“నువ్వే చూడు.”

బావ వంగాడు. వస్తాద్ బావ కాలర్ పట్టుకుని తలకిందులుగా తొట్టిలోకి లాగేశాడు. బావ కేక విని బయట రోడ్డు మీదున్నవాళ్లు లోపలికి పరిగెత్తుకొచ్చారు. అలాంటి కేక నేను మనిషి గొంతులో వినలేదు. పాత చావు ఆ కేకలో ఉంది. కాళ్లు కొట్టుకున్నాడు, గోళ్లతో వస్తాద్ మొహం గీరాడు. వస్తాద్ బావను రెండు చేతులతో అదిమిపట్టి, “చూడు! కాలిందా? చూడు రా!” అని అరుస్తూనే ఉన్నాడు. మెల్లగా కేక ఆగింది. బావ ఎగశ్వాసతో కూర్చుని, నీళ్లలోంచి తన అరచేతులు పైకి తీసి చూసుకున్నాడు. మళ్లీ నీళ్లలో పెట్టాడు. మళ్లీ తీశాడు.

“గోరువెచ్చకంటె జర ఎక్కువ. గంతే,” అన్నాడు. అని, ఎర్రటి మొహంతో అందరి ముందూ ఏడ్చాడు.

వేడి తగ్గినప్పుడల్లా పనివాళ్లు వేన్నీళ్లు కలుపుతుంటే ఇద్దరూ చాలాసేపు అందులోనే కూర్చున్నారు. ఆ సాయంత్రం బావ సంతకం పెట్టాడు. కాగితం మీద ఎర్ర వేలిముద్ర పడింది. ఆస్పత్రిలో అదేమిటని నన్నడిగారు, బావను అడగలేదు.

వెనక్కి తగ్గినవాళ్లు మళ్లీ ఇచ్చారు, కానీ సరిపోలేదు. అప్పుడు వస్తాద్ మళ్లీ లంగోటా కడుతున్నాడని వార్త వచ్చింది. మా దగ్గర కుస్తీ గెలిచినవాడు తలకు చుట్టుకున్న ఫేటా విప్పి, జోలెలా పట్టుకుని మైదానం చుట్టూ తిరుగుతాడు. జనం అందులో వేస్తారు. ఓడినవాడికి ఏమీ లేదు. నూరా కుస్తీ ఆడుకుందాం, అంటే ముందే మాట్లాడుకుని ఉత్తుత్తిగా పడిపోయేది, అని తాలీం పెద్దమనిషి ఒకరు సలహా ఇచ్చారు. ఆయన ముందు పళ్లు రెండు అప్పుడే పోయాయి. నిజమైన కుస్తీయే అన్నాడు వస్తాద్. ఎదురుగా నిలబడింది నాగేశ్. నీలం నగర్ వాడు, రెండు సాంచలు తనే నడుపుకుంటాడు, పాతికేళ్లు దాటిన పిల్లగాడు, మంచి బలం మీదున్నవాడు.

నీలం నగర్ పక్క మైదానంలో జనం కిటకిటలాడారు. హల్గీ డప్పులు మోగుతున్నాయి. వస్తాద్ లోపలికొస్తూ ఫేటా తీసి నా చేతిలో కుక్కాడు. “గెలిస్తే నువ్వొక కొస, నేనొక కొస.”

“నేను తిరగ.”

అతను నా మెడ వెనక పట్టుకుని ఒకసారి ఊపాడు. జవాబు అయిపోయింది.

అతని కాళ్లకు, ఛాతీకి ఎర్ర రంగు ఇంకా వదల్లేదు. జనం విజిల్స్ వేశారు. మొదటి పట్టులోనే నాగేశ్ అతన్ని ఎత్తి ముఖం మీద పడేశాడు. కనుబొమ చీలి కంట్లోకి రక్తం కారింది. లేచాడు. మళ్లీ పడ్డాడు. నాగేశ్ తల దించి అతని నలిగిన చెవి మీద గుద్దితే అది కింది నుంచి చినిగి వేలాడింది. ఊపిరి ఈల వేస్తున్నట్టు బయటికొస్తోంది. ఇదంతా నాకు అయిదడుగుల దూరంలోనే. నాగేశ్ అతన్ని వెల్లకిలా తిప్పి, నడుం కింద చెయ్యి పెట్టి అదిమాడు. ఒక భుజం మట్టికి ఆనింది. రెండోది ఆనడానికి వేలెడు సందు ఉంది. ఆ భుజం ఆనితే మా చెల్లె హైదరాబాద్ రైలు ఎక్కదు.

అప్పుడు అతని చెయ్యి నాగేశ్ చేతి మీదికి పాకింది. చూపుడువేలు ఒక్కటే పట్టుకుని వెనక్కి విరిచాడు. షెడ్డులో నూలు చుట్టే కండె కాలి కింద పడితే వచ్చే చప్పుడు. పట్టు వదులైంది. వస్తాద్ పొర్లి పైకొచ్చి నాగేశ్ వీపును మట్టికి కొట్టాడు.

గెలుపోటములు తేల్చే పంచు అవతలి వైపున్నాడు, చూడలేదు. నేను చూశాను. నాగేశ్ లేచి తన వేలు చూసుకున్నాడు, అతన్ని చూశాడు, ఆ చేతిని మట్టిలో దోపుకుని తల తిప్పుకున్నాడు. పంచుకు చెప్పుకోవడం వాళ్లలో నామోషీ. నాకు అలాంటి నామోషీ ఏమీ లేదు. “ఫౌల్!” అని గొంతు ఎత్తబోయేసరికి మెడ మీద రక్తం, మట్టి, చెమట కలిసిన చెయ్యి పడింది. ఇంకో చెయ్యి ఫేటా కొస పట్టుకుంది. మైదానం చుట్టూ నన్ను ఈడ్చుకుపోయాడు.

“ఏం అర్జీ మామా, గిప్పుడు నువ్వు గూడ పహిల్వానువైనవా?”

“ఇద్దరిల ఎవడు గెలిచిండ్రా?”

నోట్లు పడుతున్నాయి. బీడీలు చుట్టే ఆడవాళ్లు కొంగు ముడులు విప్పి గుప్పిళ్లతో చిల్లర పోస్తున్నారు. ఫేటా బరువెక్కి నా చేతులు లాగాయి. ఆ గుంపులో సగం మంది నన్ను మోరీలో చూసినవాళ్లు.

ఆపరేషన్ పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టేదాకా చేశారు. డాక్టరు బయటికొచ్చి, ఏరగలిగినవన్నీ ఏరాం, మందు తిప్పాం, ఇక కనిపెట్టుకుని ఉండాలి అన్నాడు. సుశీల లేచి కూర్చోవడానికి చాలా రోజులు పట్టింది. సోలాపూర్ తిరిగొచ్చాక, గంజి నుంచి అన్నానికి వచ్చాక, నేను ఆమెకు నాగేశ్ వేలు సంగతి చెప్పాను. ఎందుకు చెప్పావని బావ నా మీద లేచాడు. చెప్పాల్సిందే కాబట్టి చెప్పాను. జీవితంలో నేను పెట్టిన ఫిర్యాదులు పూర్తిగా విన్న మనిషి మా చెల్లె ఒక్కతే.

వస్తాద్‌ను పిలిపించింది. అతను గుమ్మంలోకి రాగానే, “ఆడనే ఆగు,” అంది.

ఆగాడు.

“నా కడుపుల పోసిన మందు వాని వేలు విరిస్తే వచ్చిందా?”

అతను ముందు నన్ను చూశాడు. ఆ చూపుకు నేను బావ వెనక్కి జరిగాను.

“ఓడితే నువ్వు పోతుంటివి బాయీ.”

“పోతే నేను పోతుంటి. వాని వేలు నీ అయ్య జాగీరా? తెగిన పోగు ఏ వేలుతోని ముడేస్తడు వాడు? సాంచలు ఆగిపోతే ఇంట్ల ఏం తింటరు?” కుట్ల మీద చెయ్యి అదుముకుని ఊపిరి తీసుకుంది. “నా పానం తీసుకొచ్చినవ్. మంచిది. వాని లెక్క తీర్చేదాక నా గడప తొక్కకు.”

అతను వచ్చి నా రెక్క పట్టుకున్నాడు. “చల్. చూసినోనివి నువ్వే గద.”

నీలం నగర్‌లో నాగేశ్ షెడ్డు. ఒక సాంచ ఆగి ఉంది. రెండోదాని మీద వేలికి చెక్క కట్టుకుని, ఎడమ చేత్తో పోగు అతికించలేక తంటాలు పడుతున్నాడు. వస్తాద్ వెళ్లి సాంచ ఆపి, బీము మీద తన కుడిచెయ్యి పరిచాడు.

“విరువు.”

“ఏంది వస్తాద్?”

“నీ వేలు విరిచిన. నాది విరువు.”

“పిచ్చి లేసిందా? పో, నాకు పనున్నది.”

వస్తాద్ ఎడమ చేత్తో నాగేశ్ చెంప పగలగొట్టాడు. “విరువ్ రా! ఆ బాయి ఇంట్లకు రానిస్తలేదు!” ఇంకోటి కొట్టాడు. మూడోదానికి నాగేశ్ కళ్లు ఎర్రబడ్డాయి. పక్కనున్న ఇనుప పానా తీసుకుని బీము మీదికి దించాడు. నేను మొహం తిప్పుకున్నాను, చప్పుడు మాత్రం విన్నాను.

వస్తాద్ అరవలేదు. చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. “రెండు విరిచినవ్,” అన్నాడు. “ఒకటి ఎక్కువ. ఆ బాకీ నీ మీదుంచు.”

చేతికి గుడ్డ చుట్టుకుని సుశీల గుమ్మం ముందు నిలబడి, “తీర్చిన,” అన్నాడు. ఏం చేశాడో విని ఆమె మంచం దిగింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగు వేసుకుంటూ గుమ్మం దాకా వచ్చి అతని చెంప మీద కొట్టింది. ఆ దెబ్బలో బలమేమీ లేదు. అతను మాత్రం ఒక అడుగు వెనక్కి వేశాడు.

“నేను గిది చెప్పిన్నా? పోయి వాని సాంచ మీద నిలబడు అంటిని! గిప్పుడు ఇద్దరు ఎందుకు పనికి రాకుంట అయితిరి!”

వస్తాద్ చెంప తడుముకున్నాడు. “గట్లని విడమరిచి చెప్పొద్దా బాయీ,” అన్నాడు.

ఇద్దరూ కలిసి నా వైపు చూశారు. నేను ఒకప్పుడు సాంచలు మరమ్మతు చేసే జాబర్‌ను.

నాగేశ్ వేలూ, అతని వేళ్లూ అతికేదాకా ఆ రెండు సాంచల మీదా నిలబడింది నేను. మోకాళ్లు వాచాయి. వస్తాద్ రోజూ వచ్చి, చెయ్యి మెడకు వేలాడేసుకుని, స్టూలు మీద కూర్చునేవాడు. పోగు తెగితే నాకంటే ముందు అతనికే కనపడేది. “తెగింది అర్జీ! అదిగో! కండ్లు యాడ పెట్టినవ్?” నాగేశ్ పగలబడి నవ్వేవాడు. ఆ షెడ్డులో నాకు ఒక్క పూట కూడా గౌరవం దక్కలేదు.

కట్లు విప్పిన నాడు నాగేశ్ తెగిన పోగు ఒకటి తనే అందుకుని, రెండుసార్లు జార్చి, మూడోసారి ముడేశాడు. వస్తాద్ స్టూలు మీంచి లేచి దగ్గరికెళ్లి, వంగి, ఆ ముడిని చాలాసేపు చూశాడు. నా మెడ వెనక ఒకటి చరిచి సుశీల ఇంటి వైపు నడిచాడు.

సుశీల అరుగు మీద కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరిస్తోంది. పొట్ట తగ్గి, చీర కుచ్చిళ్లు మళ్లీ సరిగ్గా నిలుస్తున్నాయి. అతను గడప ఇవతలే నిలబడ్డాడు, అంత మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా.

“వాడు ముడేసిండు,” అన్నాడు.

ఆమె తల ఎత్తలేదు. కత్తెరలో ఉన్న ఆకు పూర్తిగా కోసి, చాటలో వేసి, అప్పుడు అంది.

“రా. చాయ్ పెడ్త.”

అతను తల వంచి లోపలికి వెళ్లాడు. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. నేను కూడా వెళ్లాను.